అడవి స్నానానికి నిండా యాభై ఏళ్లు లేవు

యూట్యూబ్‌లో, వాట్సాప్‌లో ఇప్పుడు మనశ్శాంతి అంటే జపాన్. ఇకిగాయ్ (అంటే బతకడానికి మీకున్న కారణం) తెలుసుకోండి, చెట్ల మధ్య నడవండి, టెన్షన్ పోతుంది అంటున్నారు. పైగా ఇవన్నీ వేల ఏళ్ల సంప్రదాయాలట.

'షిన్‌రిన్ యోకు' అనే అడవి స్నానాన్నే తీసుకోండి. స్నానమంటే నీళ్లు కాదు, చెట్ల మధ్య తీరిగ్గా గడపడం. జపాన్‌లో జనం చెట్లకు మొక్కడం, అడవుల్లో తిరగడం పాతదే. కానీ ఆ పేరు పెట్టి, ఆరోగ్యం కోసం రమ్మని పిలిచింది ప్రభుత్వ అటవీ శాఖ, 1982లో. నగానో ప్రాంతంలోని అకసావా అడవి దీనికి పుట్టిల్లు. నిప్పాన్ మెడికల్ స్కూల్‌లో చింగ్ లీ చేసిన పరిశోధనలు ఆ తర్వాత ఎప్పటికో వచ్చాయి. అడవిలో మూడు రోజులు గడిపినవాళ్ల రోగనిరోధక కణాలు చురుకయ్యాయని అవి చెప్పాయి. పరీక్షించింది కొద్దిమందినే కాబట్టి ఆ ఫలితాలను కాస్త ఆచితూచి తీసుకోవాలి. ఏమైనా, నడవడానికి బాగుచేసిన దారులు, తీసుకెళ్లే గైడ్లు ఉన్నారు కాబట్టే అక్కడ మామూలు ఉద్యోగి కూడా అడవికి వెళ్లగలుగుతున్నాడు.

రేడియో తైసో, అంటే రేడియో వింటూ చేసే వ్యాయామం, దాని కథా అంతే. 1928లో తపాలా జీవిత బీమా విభాగం దీన్ని మొదలుపెట్టింది. నేటికీ పొద్దున్నే ఆరున్నరకు జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే రేడియోలో పియానో మోగుతుంది, పార్కుల్లో ముసలివాళ్లు చేతులు ఊపుతారు. వేసవి సెలవుల్లో పిల్లలు కార్డులు మెడలో వేసుకొచ్చి, రోజుకో ముద్ర వేయించుకుంటారు. యుద్ధకాలంలో జనాన్ని ఒక్క తాటిపై నడిపించడానికి కూడా దీన్ని వాడుకున్నారు, ఆ సంగతి వీడియోల్లో రాదు. నా లెక్కలో అసలు మేలు వ్యాయామానిది కాదు. నాలుగు రోజులు కనబడకపోతే ఏమైందని అడిగే మనిషి ఒకరు ఉండటం.

సెంతో అనే వీధి స్నానశాలలూ అలాంటివే. వాటి గరిష్ఠ ధరను ఇప్పటికీ ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. అయినా ఇళ్లలో స్నానాల గదులు వచ్చాక, 1960ల చివర్లో దాదాపు 18 వేలున్నవి రెండు వేల లోపుకు పడిపోయాయి.

ఇన్ని ఉన్నా 2003లో జపాన్‌లో 34 వేల మందికి పైగా ఆత్మహత్య చేసుకున్నారు. 2006లో ఆత్మహత్యల నివారణ చట్టం వచ్చింది. స్థానిక సంస్థలకు బాధ్యత పెట్టారు, అప్పుల బాధితులకు సలహా కేంద్రాలు నడిపారు. ఓవర్‌టైమ్‌కు నెలకు 45 గంటల పరిమితి 2019 నుంచి అమల్లోకి వచ్చింది, మినహాయింపులు ఉన్నాయనుకోండి. 2024 నాటికి ఆత్మహత్యలు 20 వేల దగ్గరికి దిగాయి. ఇందులో ఇకిగాయ్ వాటా ఎంతో గానీ, చట్టం, బడ్జెట్ వాటా మాత్రం పెద్దదే.

అదే 2024లో బడి పిల్లల ఆత్మహత్యలు 529కి చేరాయి. లెక్కలు తీయడం మొదలయ్యాక అప్పటిదాకా అంత ఎక్కువ ఎప్పుడూ లేదు. పెద్దల కోసం కట్టిన ఈ ఏర్పాట్లు వాళ్లదాకా సరిగా చేరడం లేదనిపిస్తుంది.