వంటల సైటే కదా అంటారా? దానికీ హెచ్‌టీటీపీఎస్ ఉండాల్సిందే

"మా సైట్లో లాగిన్ లేదు, పేమెంట్ లేదు, దీనికి హెచ్‌టీటీపీఎస్ ఎందుకండీ" అని బెంగళూరులో మన తెలుగు సంఘాలకి, చిన్న షాపులకి సైట్లు చేసిపెట్టే కుర్రాళ్లే ఇంకా అడుగుతున్నారు. హెచ్‌టీటీపీఎస్ అంటే సైట్‌కీ మీ ఫోన్‌కీ మధ్య వెళ్లేదాన్ని దారిలో ఎవరూ చదవకుండా, మార్చకుండా తాళం వేసి పంపే పద్ధతి. అది లేని సైట్లకి 2018 జులై నుంచి క్రోమ్ 'నాట్ సెక్యూర్' అని చూపిస్తూనే ఉంది, ఎవరూ పట్టించుకోరు.

వీళ్లంతా దీన్ని పాస్‌వర్డ్‌లు దాచుకునే వ్యవహారం అనుకుంటున్నారు, అక్కడే వస్తోంది చిక్కు. మామూలు హెచ్‌టీటీపీలో పేజీ సర్వర్ నుంచి మీ ఫోన్‌కి వచ్చేలోపు దారిలో ఉన్నవాడు చదవడమే కాదు, మార్చేయొచ్చు కూడా! 2015లో ఇదే బెంగళూరులో ఒక ప్రోగ్రామర్ మొబైల్ నెట్‌లో పేజీ తెరిచి సోర్స్ (పేజీ వెనకాల ఉండే కోడ్) చూస్తే సైట్ వాళ్లు రాయని జావాస్క్రిప్ట్ కోడ్ కనిపించింది, నెట్‌వర్క్ మధ్యలో దూర్చిందది. ఆ కోడ్‌ని గిట్‌హబ్‌లో (ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే సైట్) పెడితే, దాన్ని తయారుచేసిన ఇజ్రాయెల్ కంపెనీ తిరిగి ఆయనకే లీగల్ నోటీసు పంపింది. కోడ్ దూర్చగలిగినవాడు మీ సంఘం పేజీలో విరాళాల యూపీఐ ఐడీ మార్చలేడా? ఉగాది ఫంక్షన్‌కి డబ్బులు పంపినవాళ్లకి ఏం సమాధానం చెప్తారు?

మారతహళ్లి పీజీల్లో ఫ్లోర్ మొత్తానికీ ఒకటే వైఫై, పాస్‌వర్డ్ గోడ మీదే ఉంటుంది, అంటే దారిలో ఉన్నవాడు పక్క రూమ్‌వాడే కావొచ్చు. 2010లో ఫైర్‌షీప్ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వచ్చినప్పుడు ఓపెన్ వైఫైలో హెచ్‌టీటీపీ మీద నడుస్తున్న పక్కవాళ్ల ఫేస్‌బుక్‌లోకి ఒక్క క్లిక్‌తో దూరిపోయారు జనం.

ఖర్చు అంటారు, హెచ్‌టీటీపీఎస్‌కి కావాల్సిన సర్టిఫికెట్లని 2015 చివర్నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఫ్రీగానే ఇస్తోంది, రెన్యువల్ కూడా ఆటోమేటిక్‌గా పెట్టుకోవచ్చు. దొంగ సైట్లకీ సర్టిఫికెట్ ఉంటుంది కదా అంటారు, నిజమే, అవతలివాడు మంచోడని అది చెప్పదు, మధ్యలో ఎవడూ వేలు పెట్టలేదని చెప్తుంది, నాకు అది చాలు.

నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. ఒకమ్మాయి పీజీ వైఫైలో హెచ్‌ఐవీ టెస్ట్ గురించో గర్భం గురించో చదువుకుంటుంది, హెచ్‌టీటీపీ అయితే ఏ పేజీ చదివిందో, ఏం వెతికిందో ఆ నెట్‌వర్క్ నడిపేవాడికి తెలిసిపోతుంది. హెచ్‌టీటీపీఎస్‌లో సైట్ పేరు కనపడొచ్చేమో గానీ లోపల ఏం చదివిందో కనపడదు. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలతో ఏకగ్రీవంగా చెప్పింది, ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి కర్ణాటక హైకోర్టులో పనిచేసిన జడ్జే. కోర్టు ఇచ్చిన ఆ హక్కుని ఫ్రీగా దొరికే ఒక సర్టిఫికెట్ పెట్టడానికి బద్ధకించి మనమే తీసేస్తున్నాం.

అందుకే సైట్ చేయించుకునేవాళ్లు ఫైనల్ పేమెంట్ ఇచ్చేముందు అడ్రస్‌కి ముందు హెచ్‌టీటీపీ (http://) అని తగిలించి కొట్టి చూడండి, అది హెచ్‌టీటీపీఎస్‌కి మారకపోతే పని ఇంకా అవ్వలేదని ఆ కుర్రాడికి చెప్పండి.