ఫొటో కింద పేరేది?

మీట నొక్కితే యంత్రం తీసిపెట్టే బొమ్మకు కాపీరైట్ ఏమిటన్న మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంది. అమెరికా సుప్రీంకోర్టు ఈ వాదనను 1884లోనే తోసిపుచ్చింది. ఫొటోగ్రాఫర్ నెపోలియన్ సరోనీ తీసిన రచయిత ఆస్కార్ వైల్డ్ ఛాయాచిత్రాన్ని అనుమతి లేకుండా 85,000 ప్రతులు అచ్చువేసిన లితోగ్రఫీ కంపెనీ, కెమెరా చేసిన పనికి కర్త ఎవరని వాదించింది. మనిషిని కూర్చోబెట్టిన తీరు, దుస్తుల ఎంపిక, వెలుగునీడల కూర్పు సరోనీ ఆలోచనలోంచే పుట్టాయని కోర్టు తేల్చింది.

మన 1957 నాటి కాపీరైట్ చట్టం ఆ చర్చకే తావివ్వలేదు. కళాత్మక విలువ ఉన్నా లేకపోయినా ఫొటో కళాకృతేనని, తీసిన వ్యక్తే దాని కర్త అని సెక్షన్ 2 చెబుతోంది. హక్కు దక్కడానికి రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. అయినా చిత్రకారుడి హక్కు జీవితకాలం దాటి మరో 60 ఏళ్లు నిలిస్తే, ఫొటోగ్రాఫర్ హక్కును మాత్రం ప్రచురణ నుంచి 60 ఏళ్లకే పరిమితం చేశారు. ఆ చిన్నచూపు 2012 సవరణతో గానీ పోలేదు.

వర్తమాన ఘటనలను నివేదించేటప్పుడు, అనుమతి లేకున్నా, న్యాయసమ్మతమైన వాడకానికి సెక్షన్ 52 వీలిస్తుందన్నది నిజమే. అయితే ఆ మినహాయింపు వార్త కోసం ఇచ్చినదే తప్ప, పేజీలో ఖాళీ నింపుకోవడానికి కాదు.

నన్ను ఎక్కువగా కలచివేసేది డబ్బు సంగతి కాదు. సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి తీయించుకున్నవారే ఫొటోకు తొలి యజమానులు. తెల్లవార్లూ మండపంలో నిలబడి పెళ్లి ఫొటోలు తీసినవాడికి ఆ ఆల్బమ్ మీద యాజమాన్యం ఉండదు. యాజమాన్యం చేతులు మారినా చేజారనిది ఒకటుంది: ఇది నేను తీశానని చెప్పుకునే హక్కు. కాపీరైట్‌ను పూర్తిగా అమ్ముకున్న తర్వాత కూడా సెక్షన్ 57 దాన్ని కర్త దగ్గరే ఉంచుతుంది. మన తెలుగు వెబ్‌సైట్లు తరచూ కాజేస్తున్నది సరిగ్గా దాన్నే. వ్యాసం రాసినవారి పేరు పైన పెద్ద అక్షరాల్లో వేసుకుంటూ, వరదనీటిలో నడుములోతున నిలబడి తీసిన ఫొటో కింద మాత్రం ‘సోషల్ మీడియా సౌజన్యం’ అని రాసి చేతులు దులుపుకుంటున్నాం. (ఆ సోషల్ మీడియా అనే ఫొటోగ్రాఫర్ ఎవరో నాకింతవరకు తారసపడలేదు.) తీసినవారిని వెతికి, అడిగి, పేరు వేయడానికి ఒక ఫోన్ కాల్ చాలు; అది కూడా కుదరని తొందర ఉంటే ఆ ఫొటో లేకుండానే వార్త ఇవ్వవచ్చు.