నత్తి హీరో

విజయనగరంలో కామిక్ ఫెస్ట్ అంటే ముందు నేనే నమ్మలేదు. కాలేజీ కుర్రాళ్లు కొందరు ఫంక్షన్ హాల్ మాట్లాడి, పెళ్లి భోజనాల బల్లలు వేసి, ఆర్టిస్టుకి బల్ల అయిదొందలన్నారు. హైదరాబాద్ కామిక్ కాన్ దాకా వెళ్లి దుకాణం పెట్టే స్తోమత నాకెలాగూ లేదు. ఎగిరి గంతేశాను.

నా హీరో మన ఊరివాడే. పగలు గంటస్తంభం దగ్గర చెప్పులు కుడతాడు, రాత్రయితే దుర్మార్గుల పని పడతాడు. రెండు నెలలు నిద్ర మానుకుని గీశాను. మందపాటి 300 జీఎస్ఎం కాగితం మీద యాభై ప్రింట్లు, ముందురోజు రాత్రి తొమ్మిదికి చేతికొచ్చాయి. ఆ టెన్షన్‌లో రంగులు చూసుకున్నాను గానీ, అక్షరాలు చూసుకోలేదు.

పొద్దున్నే మనవణ్ణి వెంటబెట్టుకుని ఓ పెద్దాయన వచ్చాడు. ప్రింటు ఎత్తి కూడబలుక్కుని చదివాడు.

"ఏటి బాబూ, మీవోడికి నత్తేటి?"

చూద్దును కదా, నా హీరో గుప్పిట బిగించి అరుస్తున్నాడు: "దుర్‌మార్‌గుడా! నిన్‌ను వదలను!"

తప్పు నాదే. మాటల్ని బొమ్మలో కలిపేయకుండా ఫైలు అలాగే పంపాను. ప్రింటింగ్ షాపులో రోజూ కొట్టేది అను ఫాంట్లు, అంటే పాతరకం తెలుగు అక్షరాలు. వాళ్ల పాత సాఫ్ట్‌వేర్‌కి నా యూనికోడ్ తెలుగు, అంటే ఇప్పుడు ఫోన్లలో కొట్టే రకం, కొరుకుడు పడక, వత్తు కనబడ్డ చోటల్లా విడగొట్టి పొల్లు పెట్టేసింది. ఫోన్ చేస్తే "మీరు పంపిందే కదండీ, మేమేటీ ముట్టుకోలేదు" అన్నారు. వాడుకభాష కోసం గురజాడ పోరాడిన ఊళ్లో, అటు గ్రాంథికమూ ఇటు వ్యావహారికమూ కాని మూడో భాష నేను కనిపెట్టానన్నమాట.

మధ్యాహ్నం దాకా బోణీ లేదు. పక్క బల్ల అమ్మాయి కీచైన్లు మాత్రం వేడి పకోడీల్లా పోతున్నాయి. నా దగ్గరికొచ్చినవాళ్లు "బండి నంబరు ప్లేటు రాస్తావేటి?" అని అడిగి వెళ్లారు.

అప్పుడొచ్చారు రిటైరైన తెలుగు మాస్టారు, మనవరాలి కోసం. ఒక్క ప్రింటు చదివారు. మొహం మాడిపోయింది. మాట్లాడకుండా నా కుర్చీ లాక్కుని కూర్చున్నారు, జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. వద్దు మాస్టారూ అనడానికి నోరు రాలేదు. ముప్పావుగంటలో యాభై ప్రింట్లకీ వత్తులు దిద్దారు. అంతటితో ఊరుకున్నారా, అలవాటు కొద్దీ ప్రతి దాని మూలన మార్కులు కూడా వేసేశారు. 10కి 4, 10కి 3. చేతిరాత బాగోలేదని ఒకదానికి సున్నా. అది నా సంతకం!

నేను తల పట్టుకుని కూర్చుంటే, ముసుగు పైకెత్తి సమోసా తింటున్న సూపర్‌హీరో ఒకడు ఆగాడు. ఎర్ర గీతలు చూసి పడీపడీ నవ్వి, వంద తీసి 10కి 3 వచ్చింది పట్టుకుపోయాడు. వాడి వెనక ముగ్గురు, ఆ వెనక ఓ గుంపు.

సాయంత్రానికి రెండే మిగిలాయి. రెండూ 10కి 7. ఓ కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"ఇంత మంచి మార్కులు మాకొద్దన్నా. సున్నా వచ్చింది అయిపోయిందేటి?"