చిన్న ఊళ్లో రహస్యమా, ఎక్కడ బాబూ?

ఇండిపెండెంట్ సినిమాలు తీసే కుర్రాళ్లకు ఒక విన్నపం. చిన్న ఊరు, దాని కడుపులో దాగిన రహస్యాలు అంటూ కథ రాసుకునే ముందు మా ఊరొచ్చి, టిఫిన్ బండి దగ్గర ఒక్క అరగంట నిలబడండి.

మీ సినిమాలో హీరో బస్సు దిగుతాడు, చెరువుగట్టు మీద నాలుగు నిమిషాలు నిలబడి నీళ్లు చూస్తాడు (పక్కన గేదె కూడా చూస్తుంది, నటన దానిదే బావుంటుంది), అటక మీది ట్రంకుపెట్టెలో పాత ఉత్తరం దొరికి, నాన్నకు ఇంకో సంసారం ఉందని రెండో గంటలో తెలిసి కుప్పకూలిపోతాడు. ఆ సంగతి ఊళ్లో ఆ హీరో ఒక్కడికే తెలీదు. ఇంట్లో ఉండేది ముగ్గురైతే రోజూ అయిదు ఇడ్లీ పార్సెళ్లు ఎందుకని బండి ఆవిడ ఎప్పుడో లెక్క కట్టేసింది. స్థలం ఎవరి పేరున రాయించారో దస్తావేజులు రాసే ఆయనకు తెలుసు. మరీ అనుమానమైతే మీసేవకెళ్లి ఈసీ (స్థలం ఎవరెవరి చేతులు మారిందో చెప్పే కాగితం) తీయించుకుంటే పోయేదానికి ఇంత వయొలిన్ దేనికండీ?

మొన్న మా వీధిలో ఒకాయన పెద్దకర్మకు ఫ్లెక్సీ కట్టారు. పైన ఆయన నిలువెత్తు ఫొటో, కింద కొడుకులు, కోడళ్లు, మనవలు వరసగా. కుడివైపు చివర, ఎవరికీ ఏమీ కానట్టు ఓ కుర్రాడి పాస్‌పోర్టు సైజు ఫొటో. అచ్చం పెద్దాయన ముక్కే. కింద ‘మిత్రబృందం’ అని రాసుంది. ఊరంతా ఆగి చూసింది, లోపలికెళ్లి భోంచేసింది, గారెలు ఇంకాస్త వేగాల్సిందని మాత్రం అనుకుంది. మా దగ్గర అందరికీ తెలిసే ఉంటుంది, అనడమే ఎవరూ అనరు. దీన్ని సినిమా తీయండి చూద్దాం.

నా వాదనకు అడ్డొచ్చేది ఒక్కటే, 2018లో వెంకటేష్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’. విశాఖలోని ఆ పేటలోనే, ఎక్కువగా అక్కడి జనంతోనే నటింపజేసి, నాలుగు ప్రేమకథలు పక్కపక్కనే నడిపి, అసలు ముడి మాత్రం చివరిదాకా విప్పలేదు. షూటింగ్ జరిగినన్నాళ్లూ అంతమంది నోళ్లు ఎలా మూయించారో తేల్చడానికి ప్రభుత్వం ఏకసభ్య కమిషన్ వేయాలి. తెర మీద దాచారు సరే, హాల్లో దాగిందా? ఇంటర్వెల్లో సమోసా తింటూ పక్కసీటు బాబాయి నా చెవిలో కథ మొత్తం చెప్పేశాడు, ఆయనకది రెండోసారట. ఎవరితోనూ అనకు, థ్రిల్ పోతుంది, అని కూడా జాగ్రత్త చెప్పాడు.