పదమూడు గుర్తుల గారికి ఒక పంగనామపు లేఖ

మహారాజశ్రీ పదమూడు గుర్తుల గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ కళ్ళజోడు నంబరు పెరగడం తప్ప అంతా క్షేమం. తమరి క్షేమం అడగనక్కర్లేదు. 1970 ఏప్రిల్ 20న శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రికకు వేసిన ఉత్తరంలో ఎక్కి కూర్చున్నారు, నేటికీ తమరి మీద ఈగ వాలలేదు. "నా పేరు" అని శుభ్రమైన ఇంగ్లీషులో మొదలుపెట్టి, పేరు రావాల్సిన చోట పదమూడు గుర్తుల రహస్యలిపిగా తమరిని పెట్టి చక్కాపోయాడు, కాలిఫోర్నియాలో వరస హత్యలు చేసి పత్రికలకు ఉత్తరాలు రాసి నేటికీ దొరకని జోడియాక్ అనే హంతకుడు. ఆదివారం గళ్ళనుడికట్టులో అడ్డం ఏడు దగ్గరే చతికిలబడే నాలాంటివాడు కూడా తమరిని చూడగానే సీఐడీ ఇన్‌స్పెక్టరైపోతాడు.

తమరి వంశం సంగతి ముందు మాట్లాడుకుందాం. పెద్దన్నగారు 408 గుర్తుల మనిషి. 1969 జులై ఆఖర్న మూడు ముక్కలై మూడు పత్రికలకు చేరారు. "నేనెవరో ఇందులోనే ఉంది" అని హంతకుడు ఊరించాడు. పత్రికల్లో అచ్చయిన వారం రోజుల్లోనే శాలినాస్ ఊళ్ళో డోనాల్డ్ హార్డెన్ అనే బడిపంతులు, ఆయన భార్య బెట్టీ కలిసి ఆయన్ని ఒలిచేశారు. ఇంగ్లీషు 'ఈ' ఒక్కదానికే ఏడు గుర్తులు వాడాడు ఆ హంతక మహానుభావుడు, ఏ గుర్తు ఎక్కువసార్లు వచ్చిందో మామూలుగా లెక్కపెడితే దొరక్కుండా. బెట్టీగారు లెక్కలు పక్కన పెట్టి మనిషిని చదివారు. ఇంత గొప్పలు పోయేవాడు "నేను" అని కాక ఇంకెలా మొదలుపెడతాడు, "చంపడం" అన్న మాట రాయకుండా ఎలా ఉంటాడు అనుకున్నారు. అదే నిజమైంది. మనుషుల్ని చంపడం సరదాగా ఉంటుందనీ, పేరు మాత్రం చెప్పననీ తేలింది. తమరి ఇంట్లో పంగనామాలకు అదే శ్రీకారం.

ఆ అన్నగారికే చివర 18 అక్షరాల తోక ఒకటి మిగిలింది, అర్థం పర్థం లేకుండా. ఊరికే నింపడానికి గిలికినవి అయ్యుండొచ్చని ఎవరూ సరిపెట్టుకోలేదు. అటు తిప్పి ఇటు తిప్పి "రాబర్ట్ ఎమ్మెట్ ద హిప్పీ" అని ఒక పేరు తీశారు. నేను కాగితం తీసుకుని లెక్కపెట్టాను. ఆర్ ఒకటి, ఎమ్ ఒకటి, పీ ఒకటి ఎదురింటి నుంచి పంచదార తెచ్చుకున్నట్టు అరువు తెచ్చుకున్నారు. పైగా ఒక 'ఐ' మిగిలిపోయింది. స్కూటరు విప్పి మళ్ళీ బిగించాక నట్టు ఒకటి చేతిలో మిగిలినా "బండి నడుస్తోందిగా" అనే మెకానిక్కులు మాకూ తెలుసు.

రెండో అన్నగారు 340. ఆయన మీద నాకు గౌరవమే. వరసకు 17 చొప్పున 20 వరసలు, 63 రకాల గుర్తులు, 51 ఏళ్ళ మౌనవ్రతం. 2020 డిసెంబరులో ఆ వ్రతం చెడగొట్టిన ముగ్గురు: అమెరికా ప్రోగ్రామర్ డేవిడ్ ఒరాన్‌చాక్, ఆస్ట్రేలియా గణితజ్ఞుడు శామ్ బ్లేక్, బెల్జియంకు చెందిన యార్ల్ వాన్ ఎయికా. ముగ్గురూ పోలీసులు కారు. చదివే దారులు దాదాపు 6,50,000 కంప్యూటర్‌కు మేపారు. చూస్తే చదరంగంలో గుర్రం నడిచినట్టు, ఒక గడి కిందికి, రెండు గళ్ళు పక్కకి చదవాలట. మధ్యలో హంతకుడే తన లెక్క తప్పాడు కూడా. ఇంతా చేసి బయటపడ్డది: నన్ను పట్టుకునే ప్రయత్నం మీకు సరదాగా ఉందనుకుంటా, టీవీ కార్యక్రమానికి ఫోన్ చేసింది నేను కాదు, మరణశిక్ష వేసే గ్యాస్ చాంబరంటే భయం లేదు. పేరు? లేదు. అయినా ఎఫ్‌బీఐ అవునంది, ఏ గుర్తుకు ఏ అక్షరమో చెప్పే ఒకే పట్టీ అన్ని గుర్తులకూ సరిపోయింది మరి. ఎదురింటి పంచదార అవసరం పడలేదు.

తమరితో వచ్చిన చిక్కు అక్కడే. పదమూడే గుర్తులు, వాటిలో రకాలు ఎనిమిది. ఇంత పొట్టి కొలతకు ఎవరి చొక్కా అయినా సరిపోతుంది. అమెరికా హాస్యపత్రిక మ్యాడ్ అట్ట మీద పన్నూడిన నవ్వుతో ఉండే ఆల్ఫ్రెడ్ ఈ. న్యూమన్ బొమ్మ పేరు కూడా ఇంచుమించు పట్టిందంటే చూడండి. పట్టకపోతే? హంతకుడికి స్పెల్లింగు రాదుగా! "స్వర్గం" అన్న మాటనే తప్పు రాశాడు. ఒక్క తప్పుతో మాకందరికీ శాశ్వత లైసెన్సు ఇచ్చిపోయాడు. ఎక్కువైన అక్షరం మింగెయ్యొచ్చు, తక్కువైతే దిగమింగింది కక్కొచ్చు. ఆ లైసెన్సుతోనే కొందరు పోయిన కన్నతండ్రినీ, సవతితండ్రినీ కూడా జోడియాక్‌ను చేశారు. తద్దినం పెట్టాల్సినవాళ్ళు ఎఫ్‌ఐఆర్ పెట్టారు. హంతకుడు చంపినట్టు రూఢి అయినవి ఐదు ప్రాణాలు, తమరి వల్ల పోయిన పరువులకు మాత్రం లెక్క లేదు.

నేనేం తక్కువ తిన్నానా? తమరి తుదిన ఎన్, ఏ, ఎమ్ అని మూడు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. కలిపి చదివితే నామం! పేరడిగిన ప్రపంచానికి నిలువు నామం పెట్టాడన్నమాట, అదీ మన భాషలో. రాత్రి ఒంటిగంటకు ఇది తట్టి లేచి కూర్చున్నాను. తమరి మొదటి పది గుర్తులకు ఏ అర్థమూ కుదరలేదన్నది చిన్న విషయం. తర్వాత అద్దె పెంచిన మా ఇంటి ఓనరుగారి పేరు పెట్టి చూశాను. ఇంగ్లీషులో 14 అక్షరాలు. న్యూమరాలజీ వాడు చేర్పించిన రెండో 'ఏ' పీకేశాక అచ్చంగా 13. 1970లో ఆయన తెనాలిలో మూడో తరగతి చదువుతున్నారన్న అభ్యంతరాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

తమరి తమ్ముడు, 32 గుర్తుల గారికి నా నమస్కారాలు. హంతకుడు బాంబు పాతానన్న చోటు పటంతో కలిసి వచ్చారు కాబట్టి దూరం నుంచే.

ఇట్లు,
తమరి అసంఖ్యాక పరిష్కర్తలలో ఒకడు

తా.క. ఉత్తరం మడుస్తుంటే మా ఆవిడ వచ్చి నా పేరు ఇంటిపేరుతో సహా వేళ్ళ మీద లెక్కపెట్టింది. పదమూడు. నేను పుట్టింది 1974లో అని గుర్తుచేశాను. "వాడికి స్పెల్లింగే రాదన్నారు, అంకెలు మాత్రం వచ్చని ఏముంది?" అని కూరగాయల సంచీ చేతికిచ్చి పంపింది.