మహారాజశ్రీ 'అత్యంత అనుకూల దేశ' షరతు గారికి

అయ్యా,

1843లో బ్రిటన్‌తో కుదిరిన బోగ్ ఒప్పందంలో ఎనిమిదో నిబంధనగా తమరు చైనాలో అడుగుపెట్టారు. చైనా ఇతర దేశాలకు ఏ రాయితీ ఇచ్చినా అది బ్రిటన్‌కూ దక్కాలన్నారు. మరుసటి ఏడాదే అమెరికా, ఫ్రాన్స్ కూడా తమరిని రాయించుకున్నాయి. ఇక పంక్తిలో ఒక విస్తట్లో లడ్డూ పడితే వరసంతటికీ పడాల్సిందే. వడ్డన ఖర్చు మాత్రం అప్పటి చైనా పాలకులైన చింగ్ వంశం ఖజానాది. తన సరుక్కి ఆ దేశాల్లో అదే మర్యాద అడిగే హక్కు చైనాకు ఇవ్వడం ఎవరికీ గుర్తు రాలేదు, పాపం.

సుంకం 5 శాతమని పేరు. అదీ నిలవనిచ్చారా? 1858 పట్టికలో చాలా సరుకులకు బరువును బట్టో, తానుల లెక్కనో ఇన్ని టేళ్ల (టేల్ అంటే చైనావాళ్ల వెండి తూకం) వెండి అని రాసేశారు. ధర పెరిగినా ఆ అంకె కదలదు, శాతం మాత్రం కరిగిపోతుంది. నల్లమందుకు పికుల్‌కి, అంటే సుమారు 60 కిలోలకు, 30 టేళ్లు. వెన్న, జున్ను, బిస్కెట్లు, సబ్బులు, అత్తర్లు, విదేశీ చుట్టలు, వైను, బీరు అయితే రేవులో పైసా కట్టనక్కర్లేదు. తెల్లదొరల వంటింటి సరుకులట! చైనా రైతు ఇంట్లో జున్ను లేకపోవడం అతని ఖర్మ.

ఆ పట్టికకు పదేళ్లకోసారి సవరణ అడగొచ్చు. గడువు తీరాక ఆరు నెలల్లో అడగకపోతే మళ్లీ పదేళ్లు అంతే. అడిగినా తమరు అడ్డం. ఒక దేశం ఎక్కువ కడతానన్నా, పొరుగువాడి పాత రేటు చూపించి మళ్లీ కిందికి దిగొచ్చు. 1869లో బ్రిటిష్ రాయబారి ఆల్కాక్ కాస్త న్యాయంగా పోయాడు. ఇతరులకిచ్చిన రాయితీ కావాలంటే దాని షరతులకూ కట్టుబడాలని, నల్లమందుపై 50 టేళ్లు కడతామని ఒప్పుకున్నాడు. వర్తకులు గగ్గోలు పెట్టారు. 1870లో లండన్ ఆ ఒప్పందాన్ని ఆమోదించనేలేదు. తమరికి గండం గడిచింది.

భూమార్గం ముచ్చట మరీ ఘనం. 1862 నిబంధనలతో రష్యా ఉత్తర చైనా రేవు పట్టణం తియెన్‌చిన్‌కు తెచ్చే సరుకుపై మూడో వంతు సుంకం తగ్గించుకుంది. 1887లో ఫ్రాన్స్ టోంకిన్ (ఉత్తర వియత్నాం) సరిహద్దు చూపించి దిగుమతిపై పదింట మూడు వంతులు, ఎగుమతిపై నాలుగు వంతులు కోయించింది. 1894లో బర్మా పేరు చెప్పి బ్రిటన్ అదే కొలత తీసుకుంది. కొండదారి కష్టానికి తగ్గింపన్న వాదన మొదట్లో సబబే. తమరి దయవల్ల తర్వాత ఎవరి చేతిలో సరిహద్దు ఉంటే వారిదే కష్టమైంది.

చివరికి 1902లో, దేశం లోపలి నాకాల్లో సరుకు రవాణాపై వసూలయ్యే లీజిన్ అనే సుంకం ఎత్తేస్తే దిగుమతి సుంకం 12.5 శాతం దాకా పెంచుకోవచ్చని బ్రిటన్ ఒప్పుకుంది. ఒక్క చిన్న మెలిక: తమరి ఆశీస్సులున్న దేశాలన్నీ ఇదే మాట మీదికి రావాలి. అన్నీ రాలేదు. లీజిన్ నాకాలు అలాగే ఉండిపోయాయి, 12.5 శాతం కాగితం దాటలేదు.

ఇట్లు,
రేవులో తూకం రాసుకునే గుమాస్తా