పది నెలల రంగు

హైదరాబాదులో అద్దె ఇల్లు వెతికిన ప్రతివాడికీ తెలిసినదే అయినా ఇంతవరకు ఎవరూ శ్రద్ధగా నమోదు చేయని ఒక సత్యాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఈ నగరంలో అద్దెకిచ్చే హాళ్లన్నిటికీ గోడ ఒక్కటే. నిజాంపేటలో చూసి నచ్చక, మియాపూర్‌లో చూసి అద్దె కుదరక, చివరికి నాగోలులో అడ్వాన్సు ఇచ్చినవాడు నిజానికి మూడుచోట్లా అదే గోడను చూశాడు. ఆ గోడ రంగును ఓనర్లు ఐవరీ అంటారు, బ్రోకర్లు లైట్ కలర్ అంటారు, ఇంటి అలంకరణ వీడియోలు చేసేవారు బేజ్ అంటారు. మా అమ్మ ఊరి నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ ఒకసారి తలెత్తి చూసి, ‘మాసిన తెలుపు’ అంది.

ఈ రంగుకు తెలుగులో సొంత పేరు లేకపోవడం భాష లోపమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చీరల కొట్టులో తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని మావిచిగురు రంగు, ముక్కుపొడి రంగు, వంగపండు రంగు, నెమలికంఠం రంగు, ఉల్లిపొట్టు రంగు, కనకాంబరం రంగు అని దేనికది విడదీసి అడిగి, ‘ఇది మెంతిరంగు కాదు బాబూ, గంధం రంగు’ అని కొట్టువాడినే సరిదిద్దగలిగిన వాళ్లం, అవసరమే పడి ఉంటే ఈ రంగుకూ ఒక పేరు పెట్టలేకపోయే వాళ్లం కాదు. పెట్టలేదంటే అవసరం పడలేదనే అర్థం. మా తాతగారి మట్టింటికి ఏటా సంక్రాంతి ముందు సున్నంలో కాస్త నీలిమందు కలిపి కొట్టేవారు, గోడ అడుగున మూరెడు ఎత్తున ఎర్రటి జాజు పట్టీ తీసేవారు, ఆ జాజు మీద ముగ్గుతో గీతలు, చుక్కలు పెట్టేవారు. ఆ ఇంటి మొత్తం విలువ మా ఇప్పటి ఫ్లాటు అడ్వాన్సుకు కూడా సరిపోకపోవచ్చు గాని, రంగుల లెక్కలో మాత్రం మేము ఆయన కంటే బీదవాళ్లమయ్యాము.

న్యాయంగా మాట్లాడాలి కనుక ఓనర్ల పక్షం కూడా చెప్పాలి. ముదురు రంగు వేసిన గోడను మళ్లీ లేత రంగుకు తేవాలంటే అక్కడక్కడా లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, దాని మీద రెండు మూడు కోట్లు వేయాలి. అన్ని ఫ్లాట్లకూ ఒకే క్రీము వేస్తే మిగిలిన డబ్బా మెట్ల కింద పెట్టుకుని ఎక్కడ గీత పడితే అక్కడ పూసుకోవచ్చు. ఎమల్షన్ అయితే ఖర్చెక్కువ కనుక పెయింటర్లు ఓబీడీ అని పిలిచే డిస్టెంపరే వేయిస్తారు. తడిగుడ్డతో గట్టిగా రుద్దితే మరక కంటే ముందు ఆ రంగే ఊడి గుడ్డకు అంటుకుంటుంది. ఇదంతా ఇంటి ఆర్థికశాస్త్రం, దీనిలో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే అద్దె ఇవ్వడానికి ఒకసారి మా ఓనరుగారి ఇంటికి, అంటే సరిగ్గా మా నెత్తిమీది అంతస్తుకు వెళ్లినప్పుడు, ఆయన హాలులో ఒక గోడ నారింజ రంగులో గరుకు టెక్స్‌చర్‌తో మెరుస్తూ ఉంది, సీలింగు అంచుల్లో ఊదారంగు లైట్లు వెలుగుతున్నాయి, కిటికీలకు మెరూన్ పరదాలు, షోకేసులో పచ్చని ప్లాస్టిక్ ద్రాక్షగుత్తులు ఉన్నాయి. రంగు స్థిరాస్తిలో ఒక భాగమని, అది మెట్లు దిగి అద్దెవారి దాకా రాదని నాకు ఆ రోజే బోధపడింది.

ఈ విషయంలో చట్టం ఏమంటుందో కూడా చూశాను. ఏడాదికి మించిన లీజునే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయాలన్న లెక్కతో, మన అగ్రిమెంట్లన్నీ పదకొండు నెలలకే పుట్టి పదకొండు నెలలకే గతిస్తాయి. ఇక 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను, అద్దెకున్నవాడు ఇల్లు ఏ స్థితిలో తీసుకున్నాడో ఆ స్థితిలోనే అప్పగించాలని చెబుతూ, మామూలు వాడకంలో వచ్చే అరుగుదలను దయతో మినహాయించింది. అదే సెక్షను మొదట్లోనే, ఒప్పందంగాని స్థానిక ఆచారంగాని వేరుగా ఉంటే అదే చెల్లుతుందని కూడా ఉంది. మా స్థానిక ఆచారం చాలా స్పష్టమైనది: ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు ఖర్చు కింద ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి కోసుకుంటారు. అంటే గోడకు రంగు వేయనని సంతకం చేసి ఇంట్లోకి వచ్చినవాడు, అన్న మాట ప్రకారం వేయకుండా కాపురం చేసి, వెళ్లేటప్పుడు రంగు డబ్బులు ఇచ్చి వెళతాడు. ఆ డబ్బులతో క్రీము గోడకు క్రీము రంగు వేస్తారు.

ఇటువంటి రాజ్యాంగ పరిమితులకు లోబడి, మా హాలులో రంగుల వికాసానికి అయిదు వేల రూపాయల బడ్జెటును మా ఇంటి ఆర్థికమంత్రి ప్రతిపాదించగా, ఒకే ఒక్క సభ్యుడున్న సభ దానిని చర్చ లేకుండా ఆమోదించింది. ముందుగా నిపుణుల అభిప్రాయం తీసుకోవాలని వరుసగా మూడు రాత్రులు వీడియోలు చూశాము. అలంకరణ పండితులందరూ అరవై, ముప్పై, పది అనే సూత్రం చెప్పారు: గదిలో అరవై వంతులు ప్రధాన రంగు, ముప్పై వంతులు దానికి తోడు రంగు, మిగిలిన పది వంతులు కంటికి కొట్టే రంగు ఉండాలట. కొలిచి చూస్తే మా హాలులో అరవై వంతులు ఓనరుగారి గోడలు, ముప్పై వంతులు ఓనరుగారి రెండడుగుల ఐవరీ టైల్సు. మిగిలిన పదిలో నల్లటి టీవీ, దాని కింద బల్ల, నీలం ప్లాస్టిక్ కుర్చీలు రెండు, కిరాణా కొట్టువాడు ఉచితంగా ఇచ్చిన వేంకటేశ్వరస్వామి క్యాలెండరు ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆ క్యాలెండరు ఒక్కటే సూత్రం ప్రకారం నడుస్తోంది. కానీ వీడియోలు చూసిన తరువాత అది మ్యాచ్ కావడం లేదని మా ఆవిడ తీర్మానించింది. రంగుల కోసం బయలుదేరిన మేము ఆ వీడియోల ప్రభావంలో మొట్టమొదట కొన్న వస్తువు 999 రూపాయల కుషన్ కవర్ల సెట్టు. దాని రంగు బేజ్.

రెండో ఖర్చు మేకుకు సంబంధించినది. ప్రతి అద్దె హాలులోనూ పూర్వం ఉన్నవారు వదిలిపోయిన మేకు ఒక్కటి ఉంటుంది. అగ్రిమెంటులో కొత్త మేకు కొట్టరాదనే ఉంటుంది గాని పాత మేకును వాడరాదని ఉండదు కనుక, దాని మీద గడియారం, క్యాలెండరు, పెళ్లి ఫొటో ముగ్గురూ హక్కు చెబుతారు. ఈ తగవు తీర్చడానికి 350 రూపాయలు పెట్టి వెనక జిగురుండే హుక్కులు, 600 పెట్టి అతికించుకునే ఇటుక డిజైను వాల్‌పేపరు తెప్పించాము. ఈ జిగురు వస్తువులు టైల్సు మీద, నున్నటి ఎమల్షన్ మీద బాగా నిలుస్తాయి. డిస్టెంపరు మీద మాత్రం అవి గోడను పట్టుకోవు, గోడ మీది రంగును పట్టుకుంటాయి. వాల్‌పేపరు మూడో రోజు సాయంత్రానికి పైనుంచి పూలరేకులా విచ్చుకుని, పొడి రాలుస్తూ కిందికి వంగింది. హుక్కు అర్ధరాత్రి దాటాక పెళ్లి ఫొటోతో సహా పడిపోయింది, పోతూ పోతూ అరచేయంత గోడను వెంట తీసుకుపోయింది. హాస్టల్లో చదివినవారెవరైనా ఆ గుంటను టూత్‌పేస్టుతో పూడ్చమనే చెబుతారు. పూడ్చాము. కానీ పేస్టు తెల్లగా, గోడ మాసిన తెల్లగా ఉండడంతో అది దీపంలా కనిపించింది, అప్పుడు మా ఆవిడ పేస్టులో చిటికెడు పసుపు కలిపి మళ్లీ పూసింది, సరిగ్గా కలిసిపోయింది. రంగులకోసం కంకణం కట్టుకున్న మేము ఆ గోడకు మా చేతులతో వేసిన రంగు అదొక్కటే, అదీ ఓనరుగారి రంగే.

ఈ విధంగా 1949 రూపాయలు అనుభవం కింద రాసుకున్న తరువాత, పండితుల సలహా మాని ఇంట్లో ఉన్న బుద్ధిని వాడడం మొదలుపెట్టాము. మొదట లైటు మార్చాము. మా హాలులో ట్యూబ్‌లైటు, వెలుగు ఛాయను కొలిచే లెక్కలో, 6500 కెల్విన్లది. ఆ నీలిఛాయ వెలుగులో క్రీము గోడ ఆసుపత్రి వరండాలా, ఎరుపు వస్తువు గోధుమరంగులా, మనుషులు నిన్న రాత్రి నిద్ర లేనివాళ్లలా కనిపిస్తారు. 2700 నుంచి 3000 కెల్విన్ల మధ్య ఉండే పసుపు వెలుగు బల్బులు రెండు, 220 రూపాయలవి, పాత హోల్డర్లలో పెట్టగానే అదే గోడ మీగడ రంగుకు తిరిగింది. గోడను తాకకుండా గోడ రంగు మార్చడం అగ్రిమెంటులోని ఏ క్లాజుకూ విరుద్ధం కాదు. అద్దెవారి చేతిలో ఉన్న ఏకైక కుంచె బల్బేనని ఈ సందర్భంగా తోటి అద్దెదార్లకు మనవి చేస్తున్నాను.

తరువాత బీరువా తెరిచాము. మా ఆవిడ పెళ్లినాటి పోచంపల్లి చీర ఒకటి, చెంగు దగ్గర చిరిగి, కట్టలేక, పారేయలేక, ఏటా ఎండలో వేసి మడతపెడుతున్నది ఉంది. చీర పొడవు అయిదున్నర మీటర్లు. ఏడడుగుల పరదాకు కుట్లు, మడత కలిపి రెండుమీటర్ల ముప్పై సెంటీమీటర్లు చాలు కనుక రెండు పరదాలు తెగగా ఇంకా తొంభై సెంటీమీటర్లు మిగులుతుంది. ఆ ముక్కలో పదహారంగుళాల కుషన్లకు రెండు కవర్లు వచ్చాయి, చిరుగు కత్తిరింపులోనే పోయింది. వీధి చివరి టైలరు 400 తీసుకున్నాడు. తీసుకుంటూ, ‘మంచి చీరమ్మా, పాడుచేశారు’ అన్నాడు. మర్నాడు పొద్దున కిటికీలోంచి ఎండ ఆ ఎర్రటి ఇక్కత్తు గుండా వచ్చి ఓనరుగారి ఐవరీ టైల్సు మీద పరుచుకున్నప్పుడు నేల సగం మిరపపండు రంగుకు తిరిగింది. పది గంటలకల్లా ఎండ పక్కింటివాడి గోడ వెనక్కి పోయింది గాని, ఆ రెండు గంటల వెలుగు కోసమే అద్దె ఇవ్వవచ్చుననిపించింది. 999 రూపాయల బేజ్ కవర్లను ఎర్రవాటి లోపల గలీబులుగా తొడిగాము. వాటికి తగిన స్థానం అదే.

మిగతావి వివరంగా చెప్పను. నర్సరీ నుంచి నాలుగు మట్టికుండీలు, వాటికి పూయడానికి జాజు పొడి కలిపి 370 రూపాయలు. మనీప్లాంటు తీగ ఎదురింటివారిని అడిగి తెచ్చుకున్నదే. వరంగల్ నేత చిన్న జంపఖానా 850. బొమ్మల దగ్గర మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే 1200 రూపాయలు ఒక్కసారే ఖర్చయింది అక్కడే. ఎగ్జిబిషనులో కొండపల్లి ఎడ్లబండి ఒకటి, ఏటికొప్పాక లక్కబొమ్మలు కొన్ని తీసుకున్నాము. కొండపల్లి బొమ్మ దూది లాంటి తెల్లపొణికి చెక్కతో చేసినది. విడివిడిగా చెక్కిన కాళ్లను, కొమ్ములను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఏటికొప్పాకవారు అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ, చెట్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కను ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జానెడు బొమ్మకు ఇన్ని రంగులు ఇంత పట్టుగా వేయగల దేశంలో, వెయ్యి చదరపుటడుగుల ఫ్లాటుకు ఊడిపోయే రంగు ఒక్కటి వేసి వదిలేయడాన్ని ఆ ఎడ్లు కూడా వింతగా చూస్తున్నట్టు నాకు అనిపిస్తుంది. అన్నీ పోను బడ్జెటులో పదకొండు రూపాయలు మిగిలాయి. అవి క్యాలెండరులోని స్వామికే చెల్లించి, ఆయనను మళ్లీ మేకు మీద ప్రతిష్ఠించాము.

ఇక్కడ ఒక చిన్న వైరుధ్యం. లోపల ఇంత జాగ్రత్తగా రంగులను దాచి కాపురం చేస్తున్న రోజుల్లోనే, ఒక శుక్రవారం ఓనరు ఆంటీగారు మెట్లు దిగుతూ మా గుమ్మం ముందు ఆగి, ‘ఏమ్మా, గడపకు పసుపు రాయలేదేం? లక్ష్మి ఎలా వస్తుంది?’ అని మా ఆవిడను మందలించారు. అంటే తలుపుకు ఇవతల రంగు నిషేధం, తలుపు కింద రంగు తప్పనిసరి. వచ్చే లక్ష్మి ఎవరింటికి వస్తుందో నెల మొదటి తేదీన మాకు తెలుస్తూనే ఉంది.

పదకొండో నెలలో అగ్రిమెంటు తిరగరాయడానికి ఓనరుగారు వంద రూపాయల స్టాంపు కాగితంతో వచ్చి, పోచంపల్లి కుషనుకు ఆనుకుని కూర్చుని, హాలంతా నెమ్మదిగా చూశారు. పసుపు వెలుగు చూశారు, పరదాలు చూశారు, జాజు కుండీలో మనీప్లాంటు చూశారు. ఎడ్లబండిని చేతిలోకి తీసుకుని చక్రం తిప్పి చూశారు. పసుపు కలిపిన టూత్‌పేస్టు మీద కూడా ఆయన చూపు పడింది గాని ఆగలేదు. ‘హాలు ఎంత కళగా ఉందండీ! ఇంత మంచి హాలు ఈ ఏరియాలో ఈ అద్దెకు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?’ అన్నారు. అయిదు శాతం పెంచుతామన్నవారు పది శాతం రాసి వెళ్లారు. వెళ్లేముందు ఫోనుతో రెండు ఫొటోలు తీసుకున్నారు, మూడో అంతస్తు ఖాళీగా ఉందట, టులెట్ ప్రకటనకు పనికొస్తాయట.

ఇది గడిచి మూడేళ్లయింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాము. పదో నెల నిండగానే పరదాలు దించి, జంపఖానా చుట్టి, బొమ్మలు అట్టపెట్టెలో సర్ది, కుండీలు బాల్కనీలోకి చేర్చి, కుషన్లకు బేజ్ కవర్లు పైకి తొడిగి, ట్యూబ్‌లైటు వెలిగిస్తాము. ఓనరుగారు వస్తారు, ఆ వెలుగులో ఒకరి ముఖం ఒకరికి నీరసంగా కనిపిస్తుంది, అయిదు శాతానికే సంతకాలవుతాయి. ఆయన మెట్లెక్కి పై తలుపు వేసుకున్న చప్పుడు వినిపించాక మా ఆవిడ స్టూలు తెచ్చి పరదా కడ్డీ దగ్గర వేసి, ‘ఏమండీ, ముందు బల్బులు మార్చండి’ అంటుంది.